చెకుముకి శిలీంధ్రము

చెకుముకిరాయి యను మాటను వినని తెలుగువారుండరు. దానితో నిప్పు చేయుచుండగా చూచినవారు మాత్రము నేడు మిక్కిలి తక్కువ. రాతిని ఉక్కుముక్కతో కొట్టినచో రవ్వలు రాలును. రవ్వ నేలపై పడినచో ఆ క్షణముననే ఆఱిపోవును. ఎండుగడ్డిపై పడినను తఱచుగా ఆఱియే పోవును. గడ్డి మంటకు అంటుకొనును గాని రవ్వకు సులభముగా అంటుకొనదు. కావున చెకుముకి సంచిలో రాయి, ఉక్కు అను రెండు వస్తువులే కాక మూడవది యొకటి తప్పక ఉండెడిది. రవ్వను ఆఱనీయక పట్టి నిలుపుకొని, మెల్లగా రాజుకొనుచు, ఊదినప్పుడెల్ల ఎఱ్ఱబాఱెడి మెత్తని పదార్థము అది. మన పల్లెలలో దూది ఆ పని చేసెడిది. రాయి యెంత మంచిదైనను, కొట్టువాడెంత నేర్పరియైనను, ఆ దూది తడిసిననాడు పొయ్యి వెలుగదు.

మఱి పత్తి పండని చలిదేశముల ప్రజలు ఏమి చేసిరి? ఏడాదిలో చాలదినములు మంచుచేతనో వానచేతనో తడిసియుండు ఉత్తర ఐరోపా అడవులలో వారికి ఆ మూడవ వస్తువు నిచ్చినది, చచ్చుచున్న చెట్ల మ్రానులపై పుట్టు ఒక శిలీంధ్రము. ఆంగ్లేయులు దీనిని టిండర్ ఫంగస్ అందురు. టిండర్ అనగా రవ్వను పట్టుకొను దూది. జర్మనులు పెట్టిన పేరునకును ఇదియే అర్థము. 1753లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడగు లిన్నేయస్ దీనికి ఫొమెంటేరియస్ అను పేరునిచ్చెను. 1849లో ఆ దేశమువాడేయైన ఫ్రీస్ అను పండితుడు దీనిని ఫోమెస్ అను ప్రజాతిలో చేర్చెను. లాటిను భాషలో ఫోమెస్ అనగా రవ్వకు అంటుకొను ఎండుపదార్థమే. ఇట్లు ఫోమెస్ ఫొమెంటేరియస్ అను శాస్త్రీయనామమునందు ఒక్క యర్థమే రెండుమాఱులు చెప్పబడినది. పేరు పెట్టినవారు పునరుక్తిదోషమును లెక్కపెట్టినట్లు లేదు. మన వాడుకలో దీనికి ప్రత్యేకముగా పేరు లేనందున ఈ పాఠమున దీనిని చెకుముకి శిలీంధ్రమని పిలుచుకొందము.

దీనిని మొదటిసారి చూచువారికి, ఎవరో గుఱ్ఱపుడెక్కను తెచ్చి చెట్టునకు మేకులతో బిగించినట్లు తోచును. మన చెఱువులను క్రమ్ముకొను గుఱ్ఱపుడెక్క యను నీటిమొక్కకును దీనికిని ఏ చుట్టఱికమును లేదు; ఇచట ఆకారమునకే పోలిక. చిన్నవి పిడికెడంత యుండును. పెద్దవి ఒక అడుగును మించి వెడల్పుగలవి కలవు. పైభాగము బూడిదవన్నె గల గట్టి పెంకు. అది ముదిరినకొలది నల్లబడును. దానిపై ఒకదాని క్రింద నొకటిగా గట్లవంటి అంచెలు ఏర్పడియుండును. అడుగుభాగము చదునుగా, గోధుమవన్నెతో, చేతికి నున్నగా తగులును. కాని దగ్గఱనుండి పరికించినచో అది యంతయు సూదిమొనతో పొడిచినట్టి సన్నని రంధ్రములమయము. ఒక్క మిల్లీమీటరు దూరములో రెండు మూడు రంధ్రములు ఇమిడియుండును. ఒక్కొక్క రంధ్రము ఒక సన్నని గొట్టమునకు నోరు. ఆ గొట్టముల లోపలి గోడలపై సిద్ధబీజములు పుట్టి, జాఱి, క్రిందనున్న గాలిలో కలిసి కొట్టుకొనిపోవును. ఒక్కొక్క సిద్ధబీజము పొడవు ఇంచుమించు మిల్లీమీటరులో ఏబదవ వంతు. బాగుగా పెరిగిన డెక్క ఒక్కటియే ఋతువు వచ్చినప్పుడు వీనిని కోట్లకొలదిగా విడుచును. ఏటేట పాతగొట్టముల క్రింద క్రొత్తగొట్టముల పొర యేర్పడుచుండును. ఇట్లు ఒక్క డెక్క ముప్పది ఏండ్లవఱకును బ్రతుకవచ్చును.

ఐరోపా ఉత్తరభాగమున ఇది ఎక్కువగా బర్చ్ చెట్టును, దక్షిణమునకు పోయినకొలది బీచ్ చెట్టును ఆశ్రయించును. ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల సమశీతోష్ణ అరణ్యములలోను ఇది కలదు. బీచ్ చెట్టు మన దేశమున సహజముగా పెరుగదు. బర్చ్ మాత్రము మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. సంస్కృతమున భూర్జమని పిలువబడునది ఆ చెట్టునకు హిమాలయములందలి తోబుట్టువే. కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గలో హిమవంతమును వర్ణించుచు, విద్యాధరస్త్రీలు భూర్జముపై లేఖలు వ్రాసికొందురని చెప్పినాడు. భూర్జపత్రమను మాటలో పత్రమున్నను అది ఆకు కాదు. పొరలుపొరలుగా కాగితమువలె ఊడివచ్చు బెరడు. చెకుముకి శిలీంధ్రము హిమాలయారణ్యములలోను కనబడుచున్నది.

వానవెలసిన మఱునాడు నేలనుండి లేచి సాయంకాలమునకు వాడిపోవు పుట్టగొడుగునకును, ముప్పదియేండ్లు నిలుచు ఈ కొయ్యడెక్కకును పోలిక యేమి యని సందేహము కలుగవచ్చును. రెండును ఫలములే. మామిడిపండు మామిడిచెట్టు కానట్లే, మనకు పైకి కనబడు గొడుగుగాని, డెక్కగాని శిలీంధ్రముయొక్క అసలు శరీరము కాదు. అసలు శరీరము సాలెపోగుకంటె సన్ననైన తంతువుల రూపమున నేలలోనో కఱ్ఱలోనో దాగియుండును. చెకుముకి శిలీంధ్రపు తంతువులు మ్రాను లోపల బారలకొలది వ్యాపించి, పని చాలవఱకు సాగిన తరువాతనే డెక్కను వెలుపలికి తెచ్చును. కావున చెట్టుపై డెక్క కనబడిన దనగా, లోపల రోగము క్రొత్తగా ప్రవేశించినదని కాదు; ఏనాడో ప్రవేశించి బలిసినదని యర్థము.

ఆరోగ్యముగానున్న చెట్టులోనికి ఇది సులభముగా చొరలేదు. బెరడు కోటగోడ వంటిది. అయితే మంచుబరువునకు కొమ్మ విఱిగినచోట, పిడుగుదెబ్బకు బెరడు చీలినచోట, ఎండకు పగిలినచోట ద్వారము తెఱచుకొనును. గాలిలో తేలివచ్చిన సిద్ధబీజము అచట నిలిచి మొలకెత్తును. అప్పుడైనను శత్రువు వెంటనే విజృంభింపదు. పచ్చని కఱ్ఱ నిండ నీరుండుటచే లోపల గాలి తక్కువ. గాలి చాలని చోట శిలీంధ్రము పెరుగజాలదు. అది ఏండ్లతరబడి లోపల అణగియుండి, చెట్టు ముసలిదగువఱకో, అనావృష్టిచే నీరసించువఱకో కాచుకొనియుండును. ఆ తరువాతనే తినుట మొదలిడును.

అది తినుట ఎట్టిదో గ్రహింపవలెనన్న ముందు కఱ్ఱయొక్క కట్టుబడిని తెలిసికొనవలెను. మన ఊళ్ళలో వెదురుతడికలు నిలిపి, వానికి మట్టి మెత్తి గోడలు కట్టుట కలదు. తడిక గోడను విఱుగనీయదు. మట్టి తడికను వంగనీయదు. కఱ్ఱయు ఇంచుమించుగా ఇట్టిదే. సెల్యులోజు అను పదార్థపు సన్ననిపోగులు అందు తడికవలె అమరియుండును. వాని సందులలో లిగ్నిన్ అను మఱియొక పదార్థము మెత్తిన మట్టివలె దట్టముగా నిండియుండును. మనము వాడు దూది దాదాపుగా సెల్యులోజు మాత్రమే. అందుచేతనే దూది మెత్తన. కఱ్ఱలో నాలుగవవంతునకు అటునిటుగా లిగ్నిన్ ఉండుటచేతనే కఱ్ఱ గట్టిది. చెట్టు నూఱడుగుల ఎత్తున గాలికి నిలువగలుగుట ఆ లిగ్నిన్ చలువయే.

ఈ లిగ్నిన్‌ను జీర్ణించుకొనుట సామాన్యమైన పని కాదు. పశువులు గడ్డిలోని సెల్యులోజును కడుపులోని సూక్ష్మజీవుల సాయమున జీర్ణించుకొనును. అందలి లిగ్నిన్ చాలవఱకు అట్లే పేడలో వెలువడును. కారణమేమన, సెల్యులోజు ఒకే తీరు పూసలను గ్రుచ్చిన దండ వంటిది. దానిని త్రెంచుటకు ఒకటి రెండు తీరుల కత్తెరలు చాలును. లిగ్నిన్‌లో అట్టి వరుసయు, క్రమమును లేవు. చిక్కుపడిన వలవలె నానావిధములైన ముడులతో అది అల్లుకొనియున్నది. ఒక ముడికి సరిపడు కత్తెర మఱియొక ముడికి సరిపడదు. అందువలన చెకుముకి శిలీంధ్రమును, దానివంటి మఱికొన్ని శిలీంధ్రములును కత్తెర పని మాని, కాల్చుపనికి పూనుకొన్నవి. నిప్పుతో కాదు. పెరాక్సిడేజులు మున్నగు ఎంజైములను తమ తంతువులనుండి చుట్టునున్న కఱ్ఱలోనికి విడిచి, వానిచేత లిగ్నిన్‌ను ఆమ్లజనీకరణము నొందించుచున్నవి. కట్టె మండునపుడు జరుగు మార్పును ఆమ్లజనీకరణమే. పొయ్యిలో అది గడియలలో ముగియును. అడవిలో, మంచులో, పొగలేక వెలుగులేక, అది ఏండ్లతరబడి సాగుచుండును. లిగ్నిన్‌ను విఱుగగొట్టు ఇట్టి ఎంజైమును శాస్త్రజ్ఞులు మొదటిసారిగా 1983లో, ఈ వర్గమునకే చెందిన మఱియొక శిలీంధ్రమునందు కనుగొనిరి.

లిగ్నిన్ తొలగినచోట కఱ్ఱ తెల్లబడి, తేలికయై, నొక్కినచో చేతిలో నలిగిపోవు బెండువలె మాఱును. కావుననే దీనిని తెల్లకుళ్ళు అందురు. దానిపై నల్లని గీతలు కొన్ని మెలికలు తిరిగి కనబడును. ఒకే మ్రానులో వేఱువేఱు శిలీంధ్రములు చేరినప్పుడు, ఒకటి మఱియొకదాని ఆక్రమణమునుండి కాపాడుకొనుటకై కట్టుకొన్న సరిహద్దులవి. పొలముల మధ్య గట్లవంటివి. శిలీంధ్రములన్నియు ఇట్లు తెల్లకుళ్ళునే కలిగించునని యనుకొనరాదు. అదే బర్చ్ చెట్టుపై పుట్టు తెల్లని మెత్తని డెక్క వంటి వేఱొక జాతి, సెల్యులోజును తిని లిగ్నిన్‌ను దాదాపుగా విడిచిపెట్టును. అప్పుడు కఱ్ఱ గోధుమవన్నెకు మాఱి, ఎండిన చెఱువుమట్టివలె నెఱ్ఱెలు వాఱి, పెళ్ళలుగా విఱుగును. అది గోధుమకుళ్ళు.

చెదలును కఱ్ఱను తినుచున్నవికదా యని మీరడుగవచ్చును. మన పొలములలో పుట్టలు పెట్టు చెదలకు ఆ పని ఒంటరిగా చేతకాదు. అవి నమిలి తెచ్చిన కఱ్ఱపొడితో పుట్ట లోపల తుట్టెలు కట్టి, వానిపై ఒక శిలీంధ్రమును సాగుచేయును. అది మెత్తపఱచిన పిదపనే ఆ కఱ్ఱ వానికి ఆహారమగును. వానలు పడిన పిదప ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని గొడుగువలె పైకి లేచును. పుట్టగొడుగు అని మనవారు పెట్టిన పేరు ఎంత చక్కగా కుదిరినదో చూడుడు.

తిరిగి మన కథకు వత్తము. తెల్లకుళ్ళు ముదిరిన బీచ్ చెట్టు పైకి పచ్చగానే యుండవచ్చును. ఒకనాడు పెనుగాలి వీచును. చెట్టు వేళ్ళతో పెల్లగిలదు. నడిమికి ఫెళ్ళున విఱుగును. పైభాగము కూలి, క్రిందిభాగము మొండెమువలె నిలుచును. అంతటితో శిలీంధ్రమునకును కాలము తీరినదని తలచరాదు. పడిన మ్రానులోను, నిలిచిన మొండెములోను అది తన పని మానదు. ఇచట నాకు మిక్కిలి వింతగా తోచు విషయమొకటి కలదు. గొట్టములు నిట్టనిలువుగా ఉన్నగాని సిద్ధబీజములు గోడలకు తగులక క్రిందికి జాఱజాలవు. చెట్టు కూలినప్పుడు దానితోపాటు డెక్కలును ప్రక్కకు ఒరుగును. గొట్టములు అడ్డము తిరుగును. పాతగొట్టములను త్రిప్పుకొనుట డెక్కకు సాధ్యము కాదు. అయితే ఆ తరువాత అది పెంచు క్రొత్తపొర మాత్రము నేలవైపునకు తిరిగి, మరల నిట్టనిలువు గొట్టములతో ఏర్పడును. అడవిలో పడియున్న మ్రానుపై, సగము ఒకవైపునకును సగము వేఱొకవైపునకును మొగము తిరిగిన డెక్క కానవచ్చినచో, చెట్టు నిలిచియుండగా అది పెరిగిన దెంతయో, కూలిన పిమ్మట పెరిగిన దెంతయో చూచినవాడెవడైనను చెప్పగలడు. కన్ను లేని, నరము లేని ప్రాణికి క్రిందు ఏదో మీదు ఏదో తెలియుచున్నది.

ఇక మనుష్యుడు దీనిని ఎట్లు వాడుకొనెనో చూతము. డెక్కను నిలువుగా కోసినచో పై పెంకునకును, అడుగునున్న గొట్టములకును నడుమ, దాల్చినచెక్క వన్నెగల మెత్తని పొర యొకటి కనబడును. తాకినచో కంబళిముక్కవలె ఉండును. పెంకును, గొట్టములను చెక్కివేసి, ఆ పొరను మాత్రము పలుచని ముక్కలుగా కోసి, నీటిలోగాని బూడిదనీటిలోగాని నానబెట్టి ఉడికింతురు. పిదప కొయ్యసుత్తితో మోదుదురు. మోదినకొలది అది సాగి, వెడల్పై, మేకతోలువలె మృదువగును. దానిని సురేకారపునీటిలో ముంచి ఆరబెట్టినచో రవ్వను మఱింత త్వరగా అందుకొనును. రవ్వ తగిలిన ముక్క భగ్గున మండదు. అదియే దాని గొప్పతనము. ఎఱ్ఱనిచుక్క యొకటి యేర్పడి, మెల్లమెల్లగా అంచులకు ప్రాకుచు, గంటలకొలది రాజుచుండును. కావున దీనితో నిప్పు చేయుట యొకటే కాదు, చేసిన నిప్పును ఒకచోటినుండి మఱియొకచోటికి మోసికొనిపోవుటయు సాధ్యమయ్యెను.

ఈ విద్య యెంత ప్రాచీనమైనదో 1991లో లోకమునకు తెలియవచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఆల్ప్స్ పర్వతములలో, ఆస్ట్రియా ఇటలీ దేశముల సరిహద్దున, 3,210 మీటర్ల ఎత్తున నడచిపోవుచున్న జర్మను దంపతులకు, కరగుచున్న మంచులో ఒక మనుష్యశరీరము కనబడెను. ఇటీవల ప్రమాదమున మరణించిన పర్వతారోహకుని శవమని మొదట తలచిరి. పరీక్షింపగా అతడు ఇంచుమించు 5,300 సంవత్సరములకు పూర్వము జీవించినవాడని తేలెను. ఓట్స్ లోయ ప్రాంతమున దొరకినందున అతనికి ఓట్సీ యను ముద్దుపేరు వచ్చినది. అతని నడుమునకు కట్టుకొనిన తోలుసంచిలో చెకుముకిరాతి పనిముట్లును, ఎముకతో చేసిన కదురువంటి సూదియును, వానితోపాటు నల్లబడిన మెత్తని ముద్దయు ఉండెను. ఆ ముద్ద మన చెకుముకి శిలీంధ్రమే. దానిలో పైరైటు అను ఖనిజపు రేణువులు చిక్కుకొనియుండుట శాస్త్రజ్ఞులు గమనించిరి. ఇనుము లేని ఆ కాలమున ఉక్కుముక్కకు బదులు పైరైటురాతిని చెకుముకితో కొట్టి రవ్వలు రాల్చెడివారు. ఆ రవ్వలు ఉక్కురవ్వలంత వేడిగలవి కావు. అట్టి బలహీనపు రవ్వను పట్టి నిలుపగల పదార్థము ఎంత శ్రేష్ఠమైనదై యుండవలెనో యూహింపుడు.

ఓట్సీ వెంట బర్చ్ బెరడుతో కుట్టిన రెండు బరిణెలు కూడ ఉండెను. వానిలో ఒకదానియందు మేపుల్ చెట్టు ఆకులును, బొగ్గుతునకలును దొరకినవి. రాజుచున్న నిప్పును ఆకులలో చుట్టి అతడు మోసికొనుచుండెనని పండితుల నిర్ణయము. మఱియొక సంగతి. అతని సామగ్రిలో తోలుపట్టెడకు గ్రుచ్చిన రెండు శిలీంధ్రపు ముక్కలు వేఱుగా కలవు. అవి గోధుమకుళ్ళు కలిగించునని నేను పైని చెప్పిన బర్చ్ డెక్కవి. వానిని ఔషధముగా వాడుకొనుచుండెనని కొందఱి అభిప్రాయము. ఏ డెక్క నిప్పునకు, ఏ డెక్క మఱియొక పనికి అను వివేచన అయిదువేల యేండ్లనాటి వానికి తెలిసియున్నది. పాపము, ఆ నిప్పు అతనిని కాపాడలేదు. ఎడమభుజమున దిగబడిన బాణపుమొన 2001లో తీసిన ఎక్స్‌రే ఛాయలలో బయటపడినది. ఇటలీలోని బొల్జానో నగరపు పురావస్తు ప్రదర్శనశాలలో 1998నుండి అతనిని, అతని వస్తువులను కాపాడుచున్నారు.

ఓట్సీకంటె ప్రాచీనులును దీనిని ఎఱుగుదురు. ఇంగ్లండులో యార్క్‌షైరునందలి స్టార్ కార్ అనుచోట గ్రాహం క్లార్క్ అను పురావస్తు పండితుడు 1949 మొదలు 1951 వఱకు త్రవ్వకములు జరిపెను. అచట పదివేల యేండ్లకు పైబడిన వేటగాండ్ర నివాసమొకటి బురదలో చెడక నిలిచియుండెను. అందును ఈ డెక్కలు పెక్కు లభించినవి.

తరువాతి కాలమున ఇది గొప్ప వర్తకపు సరుకయ్యెను. జర్మనీలో ఉల్మ్ నగరపు దూదికి పేరు మెండు. ఆ దూదియనగా పత్తి కాదని మీకిప్పుడు వేఱుగ చెప్పనక్కఱలేదు. 18వ శతాబ్దమున శస్త్రవైద్యులు దీని పలుచని రేకులను గాయములపై అదిమి రక్తమును ఆపెడివారు. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్ పట్టణమున జాన్ వాకర్ అను మందులవర్తకుడు గీచిన మండు అగ్గిపుల్లలను అమ్మసాగెను. క్రమముగా అగ్గిపెట్టె ఇల్లిల్లు చేరినది. చెకుముకి సంచి చిలుకకొయ్యనుండి దిగిపోయినది. నేడు రొమేనియాలో ట్రాన్సిల్వేనియా ప్రాంతపు కొరుంద్ గ్రామమున కొలదిమంది మాత్రము దీనిని సాగగొట్టి టోపీలు, సంచులు చేసి అమ్ముచున్నారు. కుట్టు లేకుండ ఒక్క డెక్క ముక్కను సాగదీసి టోపీ చేయు వారి చేతినేర్పు మెచ్చదగినది.

నిప్పు అక్కఱ తీరిన పిమ్మట ఈ శిలీంధ్రమునకు మిగిలినది అపకీర్తి యొక్కటే. కలప యమ్మి ధనము గడించు అటవీశాఖలవారికి, డెక్క పుట్టిన బీచ్ చెట్టు కాసునకు కొఱగానిది. దానిని కొట్టివేయవలెను, పడిన మ్రానును ఎత్తివేయవలెను, అడవి ఊడ్చిన వాకిలివలె ఉండవలెను. పెక్కు దశాబ్దములు ఐరోపాలో ఇదే మంచి అడవికి గుర్తుగా చెల్లినది. ఇట్లు ఊడ్చిన అడవులలో మెల్లగా నిశ్శబ్దమేర్పడినది. మెత్తబడిన కఱ్ఱ లేక వడ్రంగిపిట్టలలో కొన్ని జాతులకు గూడు తొలుచుకొన తావు లేకపోయెను. అవి తొలిచి విడిచిన తొఱ్ఱలలో కాపురముండు గుడ్లగూబలకును, గబ్బిలములకును నిలువనీడ కఱవాయెను. ఫిన్లండు దేశమున శాస్త్రజ్ఞులు లెక్కచూడగా, ఆ దేశపు అడవులలోని ప్రాణిజాతులలో 4,000 మొదలు 5,000 వఱకు, అనగా ఇంచుమించు అయిదింట ఒకవంతు నుండి నాలుగింట ఒకవంతు వఱకు, చచ్చిన కఱ్ఱనో దానిని తిను శిలీంధ్రములనో ఆశ్రయించి బ్రతుకుచున్నవని తేలెను. చెకుముకి డెక్కనే యిల్లు చేసికొను చిన్న నల్లని పెంకుపురుగు ఒకటి కలదు. దాని పిల్లలు చచ్చిన డెక్కను తొలుచుకొని తిని పెరుగును. వేఱొకచోట దానికి బ్రతుకు లేదనినను తప్పులేదు.

ఈ విషయమై జర్మనీలో నడచిన వివాదము తెలిసికొనదగినది. 1970లో ఆ దేశపు మొదటి జాతీయవనము బవేరియా అరణ్యమున ఏర్పడెను. 1983లో పెనుగాలికి అచట వేలకొలది చెట్లు కూలినవి. అంత కలపను తీసి అమ్మవలయునా, పడినచోటనే క్రుళ్ళనీయవలయునా యను ప్రశ్న బయలుదేఱెను. వనపాలకులు జాతీయవనపు నడిభాగమున మ్రానులను ముట్టరాదని నిర్ణయించిరి. 1990 తరువాత బెరడుపురుగులు బలిసి, కొండలపై స్ప్రూస్ చెట్లు కనుచూపుమేర ఎండిపోయెను. చుట్టుపట్ల గ్రామస్థులు మండిపడిరి. తాతతండ్రులు పెంచిన అడవి కన్నులయెదుట మోడుబాఱుచుండగా ఊరకుండుమనుట వారికి క్రూరముగా తోచినది. వారి బాధ అబద్ధము కాదు. బెరడుపురుగు స్ప్రూస్ శత్రువు గాని చెకుముకి శిలీంధ్రము కాదు; కాని చచ్చిన చెట్టు అడవికి మలినమా, సొత్తా యను తగవు రెంటికిని ఒక్కటియే. తగవు ముగియకముందే అడవి తన పని తాను చేసికొనిపోయెను. మోడుల మధ్య క్రొత్తమొక్కలు లేచెను. ఎవరును నాటని ఆ మొక్కల నడుమనుండి నేడు యాత్రికులు కాలిబాటల వెంట నడచిపోవుచున్నారు.

ఆ కొండల దిగువభాగమున ముసలి బీచ్ చెట్లు కలవు. వానిలో కూలిన యొకదాని యొద్ద నిలిచినచో ఈ కథయంతయు ఒక్కచోట కనబడును. మ్రాను ప్రక్కలనుండి, కూలకముందు పుట్టిన డెక్కలు ఒరిగి వ్రేలాడుచుండును. వాని అంచులనుండి నేలకు మొగమైన క్రొత్తపొరలు దిగియుండును. కఱ్ఱ చేతితో చిదిపినచో పొడియగును. పిండినచో నీరు కాఱును. పాచిపట్టిన మ్రానువీపుపై, నేలమీది గడ్డిపోటీకి అందని ఎత్తున, స్ప్రూస్ మొలకలు వరుసగా నిలిచియుండును. కొన్ని దశాబ్దములకు మ్రాను ఆనవాలు మిగులదు. తినుటకు కఱ్ఱ లేనందున శిలీంధ్రమును అచట ఉండదు. అప్పటికే దాని సిద్ధబీజములు కోట్లకొలదిగా గాలిలో పోయియుండును. వానిలో నూటికి కాదు, కోటికొక్కటి ఎక్కడనో మంచుబరువునకు విఱిగిన కొమ్మమొదట వ్రాలి, ఆ చెట్టు ముసలిదగువఱకు కాచుకొనియుండును.